కార్డు మీద రెండో సంతకం

"వ్యాన్ తాళాలు ఇలా ఇవ్వు."

"ఇవ్వను, వదినా."

"చిన్నా, మూడోసారి అడుగుతున్నాను."

"ముప్పైసార్లు అడిగినా ఇవ్వను. అన్నయ్య పోయి నాలుగు రోజులైంది, ఇప్పుడు నువ్వు కూడా..."

మాట పూర్తికాలేదు. టెలిఫోన్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్న అత్తగారు చేతిలో గ్లాసు టీపాయ్ మీద ఠక్కున పెట్టింది.

"పోయి అనకు. ఆ మాట నీ నోట్లోంచి రానివ్వకు. కనబడక నాలుగు రోజులు అను."

"కనబడక నాలుగు రోజులు," అని తలొంచుకుని అప్పజెప్పాడు మరిది.

బళ్ళో లెక్కలు చెప్పే మాస్టారు అతను. బళ్ళు మూసి పది రోజులైంది. అప్పటినుంచీ ఇంట్లోనే ఉంటూ, గడ్డం కూడా గీసుకోకుండా, కిటికీ తెర పక్కకి జరిపి వీధిలోకి చూడడమే పనిగా పెట్టుకున్నాడు. ఎక్కడైనా టైరు పేలినట్టు చప్పుడైతే అందరికంటే ముందు అతనే నేలమీద కూర్చుంటాడు.

"నిన్న పోలీస్ స్టేషన్‌కి వెళ్ళొచ్చావు కదరా. ఏమన్నారో మీ వదినకి చెప్పు," అంది అత్తగారు.

"చెప్పాను కదమ్మా."

"మళ్ళీ చెప్పు. నాకు నవ్వు రావాలి కాస్త."

"ఫిర్యాదు ఏ ప్రభుత్వానికి ఇస్తున్నారు అని అడిగారు."

"నువ్వేమన్నావు?"

"ఏది ఉంటే దానికి అన్నాను."

అత్తగారు నవ్వలేదు. "తరగతిలో పిల్లలమీద అరిచేటప్పుడు వీధి చివరిదాకా వినిపించే గొంతు, అక్కడ ఏమైపోయిందిరా?"

"వాళ్ళ చేతుల్లో సుద్దముక్కలు లేవమ్మా. తుపాకులున్నాయి."

దేశంలో ఇప్పుడు రెండు ప్రభుత్వాలు ఉన్నాయి. ఒకటి పాత రేడియోలో మాట్లాడుతుంది, రెండోది మూడు రోజులుగా ఎక్కడినుంచో కొత్త రేడియోలో మాట్లాడుతోంది. అంతా ప్రశాంతంగా ఉంది అన్న మాట మాత్రం ఇద్దరూ చెబుతున్నారు. పొద్దున తొమ్మిదినుంచి మధ్యాహ్నం రెండుదాకా జనం బయటికి రావచ్చు. ఆ తర్వాత రోడ్డుమీద కనిపించినవాణ్ణి ఎవరూ ఏమీ అడగరు. అడగకుండానే కాలుస్తారు.

మంగళవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె భర్త కారులో టూల్‌బాక్సు వేసుకుని బయల్దేరాడు. ఊళ్ళో సగం జనరేటర్లు అతను అమ్మినవే. అమ్మి ఊరుకోడు. ప్రతి మెషీన్‌కీ తనే వెళ్ళి సర్వీసు చేస్తాడు. ఆ రోజు రెండు చోట్లు ఉన్నాయి, ముందు ఐసు ఫ్యాక్టరీ, తర్వాత పెద్ద హోటల్. మధ్యాహ్నం భోజనానికి వచ్చేస్తానన్నాడు.

రాలేదు. కారూ రాలేదు.

ఆమె ఆ సాయంత్రమే రెండు చోట్లకీ ఫోన్ చేసింది. ఐసు ఫ్యాక్టరీ మేనేజరు "ఆయన ఇటు రానే లేదమ్మా" అన్నాడు. హోటల్ మేనేజరు కూడా "ఆయన ఇటు రానే లేదమ్మా" అన్నాడు. ఇద్దరివీ వేరువేరు గొంతులే, మాట మాత్రం ఎవరో దగ్గర కూర్చోబెట్టి నేర్పినట్టు ఒక్కటే.

"దేశం వదిలి వెళ్ళిపోయి ఉంటాడు అంటున్నారు స్టేషన్‌లో. వ్యాపారం చేసేవాళ్ళంతా వెళ్ళిపోతున్నారట," అన్నాడు మరిది నెమ్మదిగా.

ఆమె గిర్రున తిరిగింది. "దేశం వదిలి పారిపోయేవాడు గ్రీజు మరకల చొక్కాతో వెళతాడా? నూనె డబ్బా పట్టుకుని వెళతాడా? నన్ను..." అంది.

వీధిలో ఏదో బండి వెళ్ళింది. ఆగుతుందేమోనని ముగ్గురూ ఊపిరి బిగబట్టారు. ఆగలేదు.

అప్పుడు తలుపు మీద రెండు దెబ్బలు, కాస్త ఆగి ఇంకొకటి పడ్డాయి. మరిది అప్పటికే సగం వంగిపోయాడు.

"లే, లే. మన మేస్త్రీయే," అంది అత్తగారు.

పెద్దమేస్త్రీ లోపలికి వచ్చి చెప్పులు విడిచి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ఇరవై రెండేళ్ళుగా షాపులో మెషీన్లు బాగుచేస్తున్నాడు. మంగళవారం జ్వరమొచ్చి రాలేదు. ఆ నాలుగు రోజుల్లోనే సగం మనిషైపోయాడు.

"నేనుంటే ఆయన ఒక్కడే వెళ్ళేవాడు కాదమ్మా."

"ఆ మాట ఇప్పటికి ఎన్నోసారి, మేస్త్రీ గారూ?" అంది ఆమె. "మీరుంటే ఇద్దరూ కనబడకుండా పోయేవారు. కూర్చోండి. ఇప్పుడు ఏం చేద్దామో చెప్పండి."

మేస్త్రీ కూర్చోలేదు. "మనుషుల్ని అడిగి లాభం లేదమ్మా, భయంతో నోళ్ళు కుట్టుకున్నారు. మెషీన్ని అడుగుదాం."

ఆమెకి వెంటనే అర్థమైంది. ఇన్ని రోజులూ ఇది తట్టనందుకు తన తల తనే బాదుకోవాలనిపించింది.

వాళ్ళ షాపుకి ఒక పద్ధతి ఉంది. అమ్మిన ప్రతి జనరేటర్‌కీ ప్యానెల్ తలుపు లోపలివైపు, సన్న తీగతో ఒక అట్టకార్డు కట్టి ఉంటుంది. మెషీన్ ఎన్ని గంటలు నడిచిందో చూపించే మీటరు ఆ పక్కనే ఉంటుంది. ఆ తలుపు తెరిచినవాడు కార్డు మీద తేదీ వెయ్యాలి, మీటరు రీడింగు రాయాలి, చేసిన పని రాయాలి, సంతకం పెట్టాలి. రాయకుండా తలుపు మూశాడని ఆమె భర్త ఓసారి ఒక మెకానిక్‌ని పనిలోంచి తీసేశాడు.

అతను అక్కడికి వెళ్ళి ఉంటే, కార్డు చెబుతుంది.

"తాళాలు, చిన్నా," అంది ఆమె.

"లేవు. ఎక్కడ పెట్టానో మర్చిపోయాను."

"అమ్మాయ్, వాడి ఎడమచెయ్యి చూడు," అంది అత్తగారు. "పొద్దుటినుంచి ఆ చెయ్యి జేబులోంచి బయటికి రాలేదు. టీ కూడా కుడిచేత్తోనే గ్లాసు పట్టి, కుడిచేత్తోనే మూతి తుడుచుకున్నాడు."

మరిది ముఖం ఎర్రబడింది. జేబులోంచి తాళాలు తీసి వదిన చేతిలో పెట్టాడు. వెంటనే వదల్లేదు.

"రెండింటికల్లా ఇంట్లో ఉండాలి. ఒట్టు."

"ఉంటాను."

"ఒట్టు అనలేదు నువ్వు."

ఆమె ఒట్టు అనకుండానే చెప్పులు వేసుకుంది.

*

ఐసు ఫ్యాక్టరీ మేనేజరు లావుపాటి మనిషి. రోజంతా చల్లగదుల్లోకీ బయటికీ తిరుగుతాడు కాబట్టి ఎండాకాలంలో కూడా స్వెట్టర్ విప్పడు. వ్యాన్ లోంచి దిగిన ఇద్దరినీ చూడగానే ఆ స్వెట్టర్‌లోనే అతనికి చెమటలు పట్టాయి.

"ఫోన్లోనే చెప్పాను కదమ్మా. ఆయన ఇటు రానే లేదు."

"తెలుసండీ. అందుకే మేస్త్రీని తీసుకొచ్చాను. మంగళవారం చెయ్యాల్సిన సర్వీసు ఆగిపోయింది కదా. ఊళ్ళో కరెంటు లేదు. రేపు మీ మెషీన్ ఆగి ఐసంతా నీళ్ళైతే మళ్ళీ మమ్మల్నే అంటారు."

"సర్వీసు అవసరం లేదమ్మా. బాగానే నడుస్తోంది."

"ఆయిలు మార్చకుండా బాగా ఎన్నాళ్ళు నడుస్తుందండీ?" అన్నాడు మేస్త్రీ, అప్పటికే జనరేటర్ గదివైపు నడుస్తూ.

మేనేజరు అటూ ఇటూ చూశాడు. గేటు దగ్గర ఐసు దిమ్మలు ఎత్తే కూలీలు ఇద్దరు కూర్చున్నారు. వాళ్ళముందు ఆడమనిషిని అడ్డగించడం బాగుండదనుకున్నాడేమో, వెనకాలే వచ్చాడు.

గదిలో చెవులు చిల్లులుపడే మోత. వేడిగాలి ముఖాన కొట్టింది. మేస్త్రీ ప్యానెల్ తలుపు గడియ తీశాడు. కార్డు తీగకి వేలాడుతూ, మెషీన్ అదురుకి సన్నగా వణుకుతోంది.

ఆమె వంగి చూసింది.

చివరి గీతమీద మంగళవారం తేదీ, పక్కన మీటరు రీడింగు ఉన్నాయి. 'ఆయిల్, రెండు ఫిల్టర్లు మార్చడమైనది.' చివర వంగిన మేకులాంటి సంతకం. పెళ్ళయిన కొత్తలో ఆ సంతకం చూసి, ఇదేం సంతకమండీ, కోడి గీరినట్టుంది అని ఆమె ఎంతగా ఏడిపించిందో.

ఇప్పుడు దానిమీద వేలు పెట్టింది. కళ్ళు మసకబారాయి. ఆ నాలుగు రోజుల్లో అతని జాడ దొరకడం ఇదే మొదలు.

వెనక్కి తిరిగేసరికి మేనేజరు గోడకి ఆనుకుని ఉన్నాడు.

"ఆయన వచ్చారు," అంది ఆమె.

మోతలో ఆ మాట వినబడి ఉండదు. కానీ పెదాలు చూసి అర్థం చేసుకున్నాడు. చెయ్యి పట్టుకుని లాగినంత పనిచేసి ఆమెని పక్క వరండాలోకి తీసుకొచ్చాడు.

"నాకిద్దరు ఆడపిల్లలమ్మా."

"నాకున్నది ఒక్క మొగుడండీ," అంది ఆమె. "చెప్పండి."

మేనేజరు స్వెట్టర్ చేతితో ముఖం తుడుచుకున్నాడు. మాటలు తోసుకుంటూ బయటికొచ్చాయి.

"పని ముగించుకుని, ఇక్కడే టీ తాగి, పదకొండింటికి వెళ్ళారు. నవ్వుతూనే వెళ్ళారమ్మా. పది నిమిషాలకి ముగ్గురు వచ్చారు. వెళ్ళి ఎంతసేపైంది, తర్వాత ఎక్కడికి అని అడిగారు."

"మీరు చెప్పారు."

"హోటల్‌కి అన్నాను." మేనేజరు నేలవైపు చూశాడు. "మామూలుగా అడిగారమ్మా. స్నేహితులేమో అనుకున్నాను. సాయంత్రం మళ్ళీ వచ్చారు. వాడు ఇటు రానే లేదు, ఎవరడిగినా ఇదే మాట, అర్థమైందా అన్నారు. మా పెద్దమ్మాయి చదివే కాలేజీ పేరు కూడా చెప్పారు."

"పోలీసులా? సైన్యమా?"

"మామూలు చొక్కాలే. కానీ బూట్లు... ముగ్గురివీ ఒకే రకం బూట్లు."

అంటే ఆయన ఇక్కడికి వస్తాడని వాళ్ళకి ముందే తెలుసు, అనుకుంది ఆమె. సోమవారం సాయంత్రం ఇద్దరు మేనేజర్లకీ ఫోన్ చేసి, ఏ టైముకి ఎక్కడికి వస్తాడో వివరంగా చెప్పింది తనే. ఆ ఫోన్ ఇంకెవరైనా విన్నారా? ఆ ఆలోచనని అక్కడే ఆపేసింది. ఇప్పుడు దాన్ని మోస్తూ నిలబడే ఓపిక లేదు.

గదిలోకి వెళ్ళి కార్డుకున్న తీగ విప్పబోయింది. మేస్త్రీ చెయ్యి అడ్డం పెట్టి, చెవి దగ్గర గట్టిగా అన్నాడు.

"వద్దమ్మా! మెషీన్‌తో ఉంటేనే అది సాక్ష్యం. మనింటికి తీసుకెళితే మనం రాసుకున్న కాగితమైపోతుంది."

నిజమే. ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"మీరు ఈ తలుపు తియ్యలేదు, నేను మిమ్మల్ని చూడలేదు," అంటున్నాడు మేనేజరు. "మళ్ళీ రాకండమ్మా, మీకు పుణ్యముంటుంది."

"మళ్ళీ రామండీ," అని మాటిచ్చి, అతని వెంట గేటుదాకా నడిచింది. మేస్త్రీ గది మూసి, రెండు నిమిషాల తర్వాత వచ్చాడు.

*

హోటల్‌కి వెళ్ళే రోడ్డు మధ్యలో కాలిపోయిన బస్సు అడ్డంగా ఉంది. దానిముందు నిలబడ్డ సైనికుడు తుపాకీ గొట్టంతోనే వెనక్కి తిరగమన్నట్టు సైగ చేశాడు.

"హోటల్ మూసేశారు. ఇవాళ ఒంటిగంటకే కర్ఫ్యూ."

"రెండింటికి కదా?"

"రేడియో వినలేదా?"

ఏ రేడియో అని అడిగే ధైర్యం లేక ఆమె వ్యాన్ తిప్పింది. పన్నెండున్నర దాటింది. రోడ్డుమీద జనం సంచులు పట్టుకుని పరుగులాంటి నడక నడుస్తున్నారు. దుకాణాల షట్టర్లు ఒకదాని తర్వాత ఒకటి దిగుతున్నాయి.

"ఆయన పదకొండింటిదాకా క్షేమంగా ఉన్నాడు. అంటే హోటల్‌కి వెళ్ళే దారిలోనో, హోటల్లోనో పట్టుకున్నారు," అంది, మాట్లాడుతుంటే భయం కాస్త తగ్గుతుందేమోనని. "చంపేవాళ్ళైతే ఐసు ఫ్యాక్టరీదాకా వచ్చి నోరు మూయించరు కదా? ఆయనతో ఏదో పని ఉంది. కదా, మేస్త్రీ గారూ?"

మేస్త్రీ బొటనవేలికి అంటిన సిరాని గుడ్డపీలికతో తుడుచుకుంటున్నాడు.

ఆమె ఆ వేలిని చూసింది. ఒకసారి రోడ్డుని చూసి, మళ్ళీ వేలిని చూసింది.

"మేస్త్రీ గారూ... ఆ సిరా ఏమిటి?"

"పెన్ను కారుతోందమ్మా."

"పెన్నెందుకు తీశారు?"

"తలుపు తెరిచాం కదా," అన్నాడు మేస్త్రీ. "రాయకుండా ఎలా మూస్తానమ్మా?"

అన్నాక, తనేమన్నాడో తనకే వినిపించింది. చేతిలోని గుడ్డపీలిక జారి కిందపడింది.

ఆమె వ్యాన్‌ని రోడ్డు పక్కకి ఆపింది.

"ఏం రాశారు?"

"ఇవాళ్టి తేదీ. రీడింగు." మేస్త్రీ ఆ వేలిని చొక్కాకి రుద్దుకున్నాడు. "పరిశీలించడమైనది అని... కింద సంతకం."

"ఆయన సంతకం కిందే."

"ఆయన సంతకం కిందే."

ఇరవై రెండేళ్ళ అలవాటది. చెయ్యి తన పని తను చేసుకుపోయింది. బుర్రని అడగనే లేదు. ఆమె భర్త వచ్చాడన్న సాక్ష్యం కార్డు మీదే ఉంది, ఆ సాక్ష్యాన్ని ఎవరు ఏ రోజు చూశారో దాని కిందే ఉంది. ఇక ఎవరూ ఎవరినీ కొట్టి చెప్పించాల్సిన పనిలేదు.

"వెనక్కి పోనివ్వండమ్మా. చింపి పారేస్తాను."

ఆమె అప్పటికే వ్యాన్ తిప్పేసింది. ఐసు ఫ్యాక్టరీ మలుపు తిరగ్గానే గేటు కనిపించింది. గేటు ముందు నంబరు లేని తెల్ల జీపు ఉంది. కూలీలు ఇద్దరూ లేచి నిలబడి ఉన్నారు. వాళ్ళ మధ్యలో స్వెట్టర్ వేసుకున్న మేనేజరు, మోకాళ్ళమీద.

"ఆపకండమ్మా," అన్నాడు మేస్త్రీ, పెదాలు కదలకుండా.

ఆమె ఆపలేదు. వేగం పెంచలేదు, తగ్గించలేదు. తల తిప్పలేదు. అద్దంలో గేటు చిన్నదై మాయమయ్యేదాకా ఇద్దరూ ఊపిరి పీల్చలేదు.

*

"పరిశీలించడమైనది అని రాశారా?" మరిది గొంతు కీచుమంది. "ఇంటి అడ్రసు కూడా రాయాల్సింది! వీలైతే దారి గీసి బొమ్మ కూడా వెయ్యాల్సింది!"

"చిన్నా."

"నేనేమన్నాను వదినా? వెళ్ళొద్దన్నాను. తాళాలు దాచాను. ఈ ఇంట్లో పిరికివాడి మాట ఎవరు వింటారు?"

"తిట్టనివ్వండమ్మా," అన్నాడు మేస్త్రీ. నేలమీద కూర్చుని మోకాళ్ళమధ్య తల పెట్టుకున్నాడు. "చెప్పుతో కొట్టినా పడతాను."

"చెప్పులు తర్వాత తీద్దాం," అంది అత్తగారు. "నా పెద్దోడు పదకొండింటిదాకా నవ్వుతూ ఉన్నాడా? నవ్వుతూనే వెళ్ళాడన్నాడా ఆ మేనేజరు?"

"అవునత్తయ్యా."

"ఇంకోసారి చెప్పు."

ఆమె చెప్పబోయింది. టెలిఫోన్ మోగింది.

నాలుగు రోజులుగా ఆ మోతకోసం చెవులు రిక్కించుకుని ఉన్నారు. ఇప్పుడు మోగితే నలుగురిలో ఒక్కరూ కదల్లేదు. నాలుగో మోతకి ఆమె రిసీవరు ఎత్తింది.

"మీ మేస్త్రీ చేతిరాత చాలా బాగుందమ్మా," అందో మగగొంతు. మర్యాదగా, తొందరేమీ లేకుండా. "ముత్యాల్లా రాశాడు. ఇదిగో, మీ ఆయన మాట్లాడతాడట."

ఏదో చప్పుడు. తర్వాత, "నేను."

ఆ ఒక్క మాటకే ఆమె టీపాయ్ అంచు పట్టుకుంది.

"ఎక్కడున్నారు? ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాను. విను." గొంతు అతనిదే, మాట మాత్రం చూసి చదువుతున్నట్టుంది. "ఇక్కడ మెషీన్ మొరాయించింది. నా ఒక్కడివల్ల కావడం లేదు. మేస్త్రీని పంపు. కొత్త నీళ్ళ పంపు ఒకటి తీసుకుని రమ్మను. నీళ్ళ పంపు. మర్చిపోవద్దను. అరగంటలో బండి వస్తుంది."

మేస్త్రీ లేచి వచ్చి రిసీవరు వెనకవైపు చెవి ఆనించాడు. భర్త గొంతు వెనకాల, దూరంగా, దడదడమని ఏదో మోత వినిపిస్తోంది.

"అమ్మ ఎలా ఉంది?" అన్నాడు భర్త.

లైను తెగిపోయింది.

"బతికున్నాడు!" అత్తగారు రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. "నా గురించి అడిగాడు, విన్నారా? మేస్త్రీ, లే. పంపు ఎక్కడుంది? షాపులోనా? చిన్నా, నువ్వెళ్ళి పట్రా!"

మేస్త్రీ కదల్లేదు. ముఖం సున్నం కొట్టినట్టుంది.

"వెనకాల మోత విన్నారా అమ్మా? అది మూడు సిలిండర్ల మెషీన్. గాలితోనే చల్లబడుతుంది. నిద్రలో విన్నా గుర్తుపడతాను."

"అయితే?"

"అది ఎక్కడా మొరాయించలేదు. గడియారంలా నడుస్తోంది. ఇంకోటి..." అతను ఆమె కళ్ళలోకి చూశాడు. "గాలి మెషీన్‌కి నీళ్ళ పంపు ఉండదమ్మా. నీళ్ళే ఉండవు దాంట్లో. ఆ సంగతి నాకు నేర్పిందే ఆయన."

ఈసారి మరిదికే మొదట అర్థమైంది.

"రమ్మనమని వాళ్ళు చెప్పించారు. రావద్దని అన్నయ్య చెప్పాడు."

"ఏం మాటలురా అవి?" అంది అత్తగారు. "మేస్త్రీ వెళ్ళకపోతే వాణ్ణి ఏం చేస్తారో?"

"వెళితే ఇద్దర్నీ చేస్తారమ్మా! మెషీన్ బాగానే ఉంటే ఈయనతో వాళ్ళకేం పని? కార్డు చూసినందుకు!"

"నేను వెళతాను," అన్నాడు మేస్త్రీ. "నా చెయ్యి చేసిన తప్పు. నేనే వెళతాను."

"మీరు వెళ్ళరు," అంది ఆమె. "నాలుగు రోజులు నోరెత్తకుండా ఉన్న మనిషి, తుపాకీ ముందు నిలబడి మీకోసం ఆ ఒక్క మాట చెప్పాడు. దాన్ని నేను పారెయ్యను. చిన్నా, ఈయన్ని వెనక గోడ దాటించి పక్కింటికి..."

"అరవై దాటాయమ్మా నాకు. గోడ దూకితే ఆ చప్పుడుకే వాళ్ళొస్తారు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. ఎందుకంటే అరగంట అన్న బండి పది నిమిషాలకే వచ్చింది. వీధిలో బ్రేకు పడింది.

మేస్త్రీని స్నానాలగదిలోకి తోసి ఆమె తలుపు లాగింది. లోపల గడియ పడింది. అత్తగారు కొంగుతో ముఖం తుడుచుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుంది. మరిది, ఏమనుకున్నాడో ఏమో, ఈసారి వంగలేదు. వెళ్ళి తలుపు తీశాడు.

ఒక్కడే వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ చొక్కా, కాళ్ళకి బరువైన నల్లబూట్లు. గుమ్మం దగ్గర గోనెపట్టామీద ఆ బూట్లు శ్రద్ధగా తుడుచుకుని లోపలికి వచ్చాడు. ఫోన్లో విన్న గొంతు ఇతనిదే.

"మేస్త్రీ సిద్ధమేనా?"

"లేడండీ," అంది ఆమె. "పంపు మా షాపులో లేదు. బయట షాపుల్లో దొరుకుతుందేమోనని వెళ్ళాడు. కర్ఫ్యూవల్ల ఎక్కడో ఆగిపోయి ఉంటాడు. రేపు పొద్దున్నే నేనే దగ్గరుండి పంపిస్తాను."

"అయ్యో. పాపం." అతను కూర్చున్నాడు. "కాసిని మంచినీళ్ళు ఇప్పిస్తారా?"

మరిది తెచ్చిన గ్లాసులో నీళ్ళు నెమ్మదిగా, ఒక్క చుక్క మిగల్చకుండా తాగాడు. గ్లాసు టీపాయ్ మీద పెట్టాడు.

"మా డ్రైవరు ఒకప్పుడు జనరేటర్ల వర్క్‌షాపులో పనిచేశాడమ్మా. దారిలో ఊరికే అడిగాను. ఏమయ్యా, ఈ నీళ్ళ పంపు ఎంత బరువుంటుంది, మొయ్యడానికి ఇంకో మనిషి కావాలా అని." అతను నవ్వాడు. "వాడు నాకంటే గట్టిగా నవ్వాడు. మా మెషీన్‌కి అసలు ఆ పంపే ఉండదట."

అత్తగారి చేతులు ఒళ్ళో బిగుసుకున్నాయి.

"ఈ సంగతి మీ ఆయన్ని అడగొచ్చు. అడుగుతాం కూడా. కానీ ముందు మిమ్మల్ని అడుగుదామనిపించింది." అతను ముందుకి వంగాడు. గొంతు పెంచలేదు. "లేని పంపుకోసం మీ మేస్త్రీ ఏ షాపుకి వెళ్ళాడమ్మా?"

ఆమె నోరు తెరిచింది. ఏ షాపు పేరూ గుర్తురాలేదు. ఊళ్ళో ఉన్న షాపులన్నీ ఒక్కసారిగా బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోయాయి.

ఆమె వెనకాల, స్నానాలగది గడియ లోపలినుంచి తీసిన చప్పుడైంది.